పట్టుపురుగులున్న ఇంట సాలెపురుగులు, చీమలు, ఈగలు

పలమనేరు ప్రాంతంలో మల్బరీ రైతులు పలువురు నివాసానికి ఆనుకొనే పట్టుపురుగులను పెంచుతుంటారు. దోమలకు, బొద్దింకలకు కొట్టిన మందు గాలితో ఆ గదికి చేరితే పురుగులు కక్కుకొని, మెలికలు తిరిగి చనిపోతాయి. పట్టుపురుగూ కీటకమే కదా. మందుకు ఆ భేదం తెలియదు. దోమల కాయిల్ పొగ సైతం ప్రమాదకరమే. కనుక పెంపకం సాగే రోజుల్లో దోమతెరే మేలు.

ఇంటి మూలల్లోని పొడవుకాళ్ల సాలెపురుగులు మనిషికి హాని చేయవు. దోమలను, ఈగలను పట్టి తింటాయి. వసారాలో వాటిని ఉండనివ్వవచ్చు. పెంపక గదిలో మాత్రం ఒక పంట ముగిసి మరొకటి మొదలయ్యేలోగా బూజును పొడి చీపురుతో దులపాలి.

అసలు శత్రువు ఊజీ ఈగ. 1980లో కర్ణాటకలో ప్రవేశించిన ఈ ఈగ పట్టుపురుగు ఒంటిపై గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు లోనికి తొలుచుకుపోయిన చోట నల్లమచ్చ ఏర్పడుతుంది. ఎదిగాక అది బయటపడి, నేల పగుళ్లలో దూరి కోశస్థ దశకు చేరుతుంది. సాలెగూళ్లను నమ్ముకొని దీనిని అదుపు చేయలేము. కిటికీలకు నైలాన్ వల బిగించాలి, పగుళ్లు పూడ్చాలి. నెసోలింక్స్ థైమస్ అనే పరాన్నజీవిని వదిలితే అది ఊజీ కోశాలలో గుడ్లు పెట్టి ఈగను పుట్టకముందే నశింపజేస్తుంది.

చీమలకు స్టాండు కాళ్ల కింద నీటి గిన్నెలు చాలు. అయితే వారం తిరగకుండా ఆ నీరు మార్చాలి, లేకుంటే అవే దోమలకు నెలవవుతాయి.