సాఫ్ట్‌వేర్ విడుదలకి ముహూర్తం

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త వెర్షన్ ఎప్పుడు విడుదల చేయాలన్నదానికి రెండు పద్ధతులున్నాయి. అనుకున్న సౌకర్యాలన్నీ పూర్తయ్యాక విడుదల చేయడం ఒకటి. ముందే తేదీ ప్రకటించి, ఆ రోజుకి ఏవి సిద్ధమైతే వాటితోనే విడుదల చేయడం రెండోది. ఉద్యోగాలయ్యాక రాత్రిళ్ళు కూర్చుని ఇద్దరు ముగ్గురు నడిపే చిన్న ప్రాజెక్టులకి మొదటిదే సుఖమనిపిస్తుంది. నా ఓటు మాత్రం రెండోదానికే.

మొదటి పద్ధతిలో పూర్తికాని ఒక్క పని కోసం పూర్తయిన పది పనులు ఆగిపోతాయి. డెబియన్ 3.0 వెర్షన్ 2002 జులైలో వచ్చింది. ఆ తరువాతి 3.1 వచ్చేసరికి 2005 జూన్ అయింది. కొత్త ఇన్‌స్టాలర్ తయారీ ఈ ఆలస్యానికి ఒక కారణం. గ్నోమ్ వాళ్ళు 2002లో 2.0 విడుదలయ్యాక ఆరు నెలల పద్ధతికి మారారు. 2004 అక్టోబరులో మొదలైన ఉబుంటుదీ అదే దారి. అలాగని తేదీ శిలాశాసనమేమీ కాదు. 2006 ఏప్రిల్‌లో రావలసిన ఉబుంటు, ముందే చెప్పి మరీ జూన్ 1న వచ్చింది.

తరువాతి విడుదల ఎప్పుడో తెలియకపోతే ప్రతివాళ్ళూ తమ సగం ఉడికిన కోడ్‌ని ఈసారే ఎక్కించేయాలని చూస్తారు. తెలిస్తే అంత తొందరపడరు. ఈ బండి తప్పితే ఇంకో బండి ఉందన్న ధీమా అది.

తేదీ వల్ల అందరికంటే ఎక్కువ మేలు జరిగేది అనువాదకులకి. గెట్‌టెక్స్ట్‌తో అనువదించే ప్రోగ్రాముల్లో, మూలంలోని ఇంగ్లీషు వాక్యం చివర ఒక చుక్క తీసేసినా పాత తెలుగు అనువాదానికి "సందేహాస్పదం" అన్న గుర్తు పడుతుంది. ఎవరైనా మళ్ళీ చూసి ఆ గుర్తు తీసేదాకా తెరమీద ఇంగ్లీషే కనిపిస్తుంది. డెవలపరుకి అది అర నిమిషం పని. తెలుగులాంటి భాషలకి పనిచేసేవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే కాబట్టి, విడుదల ముందురోజు ఇలాంటి మార్పులు ఇరవై చేస్తే వాళ్ళ కొన్ని వారాల శ్రమ వాడేవాళ్ళకి చేరదు. అందుకే విడుదలకి కనీసం మూడు వారాల ముందు వాక్యాలని ముట్టుకోకూడదు. కొత్త సౌకర్యాలని అంతకంటే ముందే ఆపేయాలి.

నేను పాలుపంచుకునే ఒక చిన్న ప్రాజెక్టులో ముగ్గురం, మూడు దేశాల్లో ఉంటాం. ఏటా మార్చిలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి విడుదల చేస్తాం. అసంపూర్తి పని ఏదైనా వేరే బ్రాంచిలోనే ఉండాలన్నది మా నియమం. ఇది లేకపోతే తేదీ పెట్టుకుని లాభం లేదు, ఎందుకంటే చివర్లో దేన్ని తీసేయాలన్నా మిగతావి కదిలిపోతాయి. భద్రతకి సంబంధించిన సవరణలు మాత్రం తేదీ కోసం ఆగవు, సిద్ధమైన రోజే చిన్న విడుదలగా పంపేస్తాం.

తేదీ ఎంచుకునేటప్పుడు డిస్ట్రిబ్యూషన్ల క్యాలెండరు కూడా చూడండి. డెబియన్ స్థిర వెర్షన్ దాదాపు రెండేళ్ళకొకసారి వస్తుంది. వాళ్ళు తలుపు మూసిన మర్నాడు మీరు విడుదల చేస్తే, అక్కడి వాడుకరులు అంతకాలమూ మీ పాత వెర్షన్‌తోనే సరిపెట్టుకోవాలి. డిసెంబరు చివరి వారమూ, మీవాళ్ళు ఆంధ్రాలోనో తెలంగాణాలోనో ఉంటే సంక్రాంతీ వద్దు. బగ్గుల ఉత్తరాలు విడుదలైన మొదటి వారంలోనే వస్తాయి, జవాబు చెప్పే మనిషి అందుబాటులో ఉండాలి.

పోతే, విడుదల చేసే అధికారం, పాస్‌వర్డులు కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి. చేయవలసిన పనులన్నీ వరసగా ఒక ఫైల్లో రాసి పెట్టి, ఒకసారి ఆ రెండో మనిషి చేతే విడుదల చేయించి చూడండి. ఎక్కడ రాయడం మరిచామో ఆ పూటే బయటపడుతుంది.