తప్పిన లెక్క

ఒక పాఠశాలలో ఉపకారవేతనమునకు అర్హులైన విద్యార్థులు 40 మంది కలరనుకొందము. వారి పేర్లను వరుసగా ముద్రించుటకు జావా భాషలో ఒక ప్రోగ్రాము వ్రాయబడినది. కంప్యూటరు క్షణములో పట్టికను సిద్ధము చేసెను. కాని అందు 20 పేర్లే కన్పట్టినవి. మొదటి పేరు కలదు, రెండవది లేదు; మూడవది కలదు, నాల్గవది లేదు. యంత్రము ఏ దోషమును ప్రకటింపలేదు. ఆ పట్టికనే నమ్మినచో, తక్కిన 20 మంది తమ తప్పేమియు లేకయే వేతనమును కోల్పోవుదురు.

ఇట్టి తప్పు ఎట్లు కలుగును? జావా 1995వ సంవత్సరమున సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థవారు వెలువరించిన భాష. ఒకే పనిని పలుమార్లు చేయించుటకు అందు 'లూపు' అను ఏర్పాటు కలదు. జపము చేయువాడు మంత్రమునకొక పూసను జరపినట్లు, లూపులో ఒక్కొక్క ఆవృత్తికి లెక్క ఒక్కటి చొప్పున పెరుగవలెను. ఈ లెక్క సాధారణముగా సున్నతో మొదలగును. కావున 40 పేర్లకు 0 మొదలు 39 వరకు స్థానములు.

'ఫర్' అను లూపు శీర్షమున మూడు విషయములుండును: లెక్క ఎచట మొదలు కావలెను, ఎంతవరకు సాగవలెను, ఎట్లు పెరుగవలెను. పై ప్రోగ్రాములో శీర్షముననే లెక్క పెంచబడినది. ఆ సంగతి మరచి, పేరును ముద్రించు వాక్యములో కూడ లెక్కకు వెనుక రెండు కూడిక గుర్తులు చేర్చబడినవి. ఆ జంట గుర్తులకు 'ఉన్న విలువను వాడి, పిమ్మట ఒకటి పెంచుము' అని అర్థము. అందుచేత ఒక్కొక్క మంత్రమునకు రెండేసి పూసలు జారినవి.

దోషమును ఊహతో వెదకరాదు. ముందుగా పట్టికను 5 పేర్లకు కుదింపవలెను. పిదప ప్రతి ఆవృత్తి ఆరంభమునను, అంతమునను లెక్క విలువను ముద్రింపజేయవలెను. ఆరంభమున 0, అంతమున 1. మరల 2, 3. తరువాత 4, 5 అని వచ్చును. ఆవృత్తి నడుమ మారకూడని లెక్క మారినది. దోషము లోపలనే యున్నదని దీనివలన తేలినది. లోపలి పెంపును తొలగింపగా 0, 1, 2, 3, 4 అను స్థానములు వరుసగా వచ్చును. 5 పేర్లును ముద్రితమగును. అప్పుడు 40 పేర్లతో మరల పరీక్షింపవలెను.

లూపులో మరియొక లూపు ఉన్నప్పుడు వేరొక తప్పు కలుగుట కలదు. లోపలి లెక్కను పెంచవలసిన చోట పొరపాటున వెలుపలి లెక్కను పెంచినచో, లోపలి లెక్క కదలదు. వెలుపలిది అకారణముగా పెరుగును. రెండు లెక్కలకును స్పష్టమైన వేర్వేరు పేర్లు పెట్టుట దీనికి మంచి నివారణము.

కంప్యూటరు చెప్పినట్లు చేయును. చెప్పినది సరియా కాదా యని విచారింపదు. ఆ విచారణ మనుష్యునిది. కావున పని ముగిసిన పిమ్మట ఇచ్చిన పేర్లెన్ని, వచ్చిన పేర్లెన్ని యని సరిచూచుట ప్రోగ్రాము వ్రాయువాని విధి. ఆ చిన్న సరిచూపు 20 మంది విద్యార్థుల చదువును నిలుపగలదు.