పాత రైల్వే స్టేషన్లు - వాటి సంరక్షణ

ఊరి గుడి శిథిలమైనచో నలుగురు కూడి జీర్ణోద్ధారణమునకు పూనుకొందురు. చెరువు గట్టు తెగినచో రాత్రికి రాత్రి మట్టి వేయుదురు. కాని రైల్వే స్టేషనును కూల్చుచున్నారని వినినచో, "అది సర్కారు వారిది, మనకేల?" అని ఊరకుందురు. ఈ భావము సరియైనది కాదు. గుడివలెనే, చెరువువలెనే స్టేషనును ఊరి చరిత్రలో భాగమే. ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి ప్రాంతముల స్టేషన్లను ఉదాహరణముగా గైకొని ఈ విషయమును విచారింతము.

రైలు వచ్చిన విధము

పూర్వము ఈ సీమలో ధాన్యమును, ఇతర సరుకులును ఏలూరు కాలువపై పడవలలో సాగెడివి. 1893 మొదలు 1896 వరకు గల కాలములో ఈస్టు కోస్టు స్టేట్ రైల్వే క్రింద కటకము, బెజవాడల నడుమ రైలుమార్గము ఏర్పడెను. ఏలూరు, తాడేపల్లిగూడెము ఈ మార్గముపైననే యున్నవి. గోదావరిపై హావెలాక్ వంతెన 1900లో పూర్తియగు వరకు ప్రయాణికులు నదిని నావలపై దాటవలసియుండెను. 1928లో గుడివాడ నుండి భీమవరమునకు మీటరు గేజి మార్గము పడగా, కైకలూరు, ఆకివీడు మొదలగు ఊళ్ళకును రైలు వచ్చెను.

కొల్లేరు కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న పల్లము. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరుల నీరు అందు చేరి, ఉప్పుటేరు ద్వారా సముద్రమును కలియును. ప్రధాన మార్గము ఈ పల్లమునకు ఉత్తరముగాను, గుడివాడ - భీమవరము మార్గము దక్షిణముగాను పోవుచున్నవి. స్టేషను పేరు పలకపై సముద్రమట్టమునకు ఎంత ఎత్తో వ్రాసియుండును. వరదల సీమలో ఆ అంకె ఎంత ముఖ్యమో మన రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు.

తాడేపల్లిగూడెపు బియ్యము, ఉల్లిపాయల వ్యాపారము పెరుగుటకును, కొల్లేటి చేపలు మంచుగడ్డల నడుమ హౌరా వరకు పోవుటకును ఈ రైళ్ళే తోడ్పడినవి. మన తాతముత్తాతలు దూరదేశమునకు మొదటి అడుగు వేసిన గడప ఈ స్టేషనే.

అభివృద్ధియా, కూల్చివేతయా?

రైల్వేశాఖ వారు అమృత్ భారత్ స్టేషన్ పథకము క్రింద దేశమందలి వెయ్యికి పైగా స్టేషన్లను బాగుచేయ నిర్ణయించిరి. వానిలో 508 స్టేషన్ల పనులకు 2023 ఆగస్టు 6వ తేదీన శంకుస్థాపన జరిగెను. ఏలూరు, తాడేపల్లిగూడెములు కూడ ఈ పథకములో చేరినవి. లిఫ్టులు, విశాలమైన వంతెనలు, మంచి మరుగుదొడ్లు మనకు కావలసినవే. మూటలతో మెట్లెక్కలేని వృద్ధుల కష్టమును ఎరిగినవారెవ్వరును వీనిని కాదనరు.

కాని క్రొత్త వసతులకై పాత కట్టడమును కూల్చుట ప్రతిచోటను తప్పనిసరి కాదు. 1916 నాటి కాచిగూడ స్టేషను తన గుమ్మటములతో నేటికిని ప్రయాణికులకు ఉపయోగపడుచున్నది. ముంబాయిలోని ఛత్రపతి శివాజీ టెర్మినస్ 2004లో ప్రపంచ వారసత్వ స్థానమైనను, దినదినము లక్షలమంది అందు రాకపోకలు సాగించుచున్నారు. సికిందరాబాదులో మాత్రము క్రొత్త స్టేషను కొరకు చిరపరిచితమైన పాత ముఖద్వారమును 2025లో తొలగించిరి. న్యూయార్కు నగరమున పెన్సిల్వేనియా స్టేషనును 1963లో కూల్చ మొదలిడిన పిదప ప్రజలు మేల్కొనిరి. 1965లో ఆ నగరము కట్టడముల రక్షణకు చట్టము చేసికొనెను. ఆ చట్టము వలననే తరువాత గ్రాండ్ సెంట్రల్ స్టేషను నిలిచినది. పోయినది మాత్రము తిరిగి రాలేదు.

గోడల పరీక్ష

పెచ్చులూడిన గోడలన్నియు కూలిపోవు గోడలు కావు. ఆ కాలపు కట్టడములు తరచుగా ఇటుకతోను, గానుగ సున్నముతోను కట్టబడినవి. సున్నపు గోడ తేమను పీల్చి మరల గాలికి విడుచును. దానిపై సిమెంటు పూసినచో తేమ లోపలనే నిలిచి, ఉప్పు పేరుకొని, ఇటుక పొడియగును. డెల్టా నేలలలో ఈ నష్టము మరింత ఎక్కువ. కావున పాతగోడను సున్నముతోనే బాగుచేయవలెను. పైకప్పు నీరు కారకుండ చూచి, గోడలలో మొలచిన రావి, మర్రి మొక్కలను వేళ్ళతో తీసివేయవలెను. కట్టడము నిలుచునా, నిలువదా యన్నది ఇంజనీరు పరీక్షించి చెప్పవలసిన మాట. చూపరులు తేల్చునది కాదు.

చట్టము చెప్పునది

1958 నాటి ప్రాచీన కట్టడముల చట్టము నూరేండ్లకు తక్కువ కాని, జాతీయ ప్రాముఖ్యము గలవని ప్రకటింపబడిన కట్టడములను రక్షించును. రాష్ట్రమునకు 1960 నాటి చట్టము వేరుగా గలదు. అయితే నూరేండ్లు నిండినంత మాత్రమున ఏ కట్టడమునకును రక్షణ దానంతట రాదు. మన వారసత్వమును కాపాడుకొనుట ప్రతి పౌరుని విధియని రాజ్యాంగపు 51-ఎ అధికరణము చెప్పుచున్నది. కనుక పూనిక మననుండియే రావలెను.

గ్రామస్థులు చేయదగినవి

1. పనులు మొదలగుటకు ముందే అనుమతి పొంది, కట్టడమునకు అన్ని వైపుల నుండి ఫొటోలు తీయించి, కొలతలు వ్రాయించవలెను.

2. పాత గంట, అట్ట టిక్కెట్లు, తూకపు యంత్రము, పేరు పలక వంటివి ఏమి మిగిలినవో పట్టిక వేయవలెను.

3. రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న పెద్దల జ్ఞాపకములను పాఠశాల విద్యార్థులచే వ్రాయించవలెను.

4. ప్రణాళికలో పాత కట్టడము ఏమగునో సమాచార హక్కు చట్టము (2005) ద్వారా తెలిసికొనవచ్చును.

5. పంచాయతీ లేక పురపాలక సంఘము తీర్మానము చేసి, విజయవాడలోని డివిజనల్ రైల్వే మేనేజరునకు పంపవలెను. స్టేషను కేంద్రప్రభుత్వపు ఆస్తి; నిర్ణయము రైల్వే వారిదే.

తీర్మానములో "కూల్చవలదు" అని వ్రాసిన చాలదు. ఆ గదులను దేనికి వాడవచ్చునో కూడ సూచింపవలెను. ఏలూరు తివాచీలను అమ్ము అంగడి, చదువుగది, స్త్రీలకు విశ్రాంతి గది, చిన్న ప్రదర్శనశాల - ఇట్టి ఉపయోగమేదైన నున్న కట్టడము బ్రతుకును. తాళము వేసిన గది శిథిలమగును. క్రొత్త పట్టాల కొరకు తీయక తప్పనిచోట, తలుపులు, స్తంభములు, పేరు పలకయైనను భద్రపరచి క్రొత్త స్టేషనులో నిలుపుమని కోరవచ్చును.

గునపము పడిన తరువాత పెట్టు అర్జీ వలన ప్రయోజనము లేదు. కావున రాబోవు పంచాయతీ సమావేశముననే ఈ విషయమును చర్చకు తీసికొనిరావలెనని పాఠకులను కోరుచున్నాము.