ఫీజు లెక్క వెబ్ ఆప్షన్లకు ముందే

ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక దినసరి కూలీ కొడుక్కి 2024లో ఐఐటీ ధన్‌బాద్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ సీటొచ్చింది. సీటు ఖాయం చేసుకోవాలంటే జూన్ 24 సాయంత్రం 5 గంటల్లోపు 17,500 రూపాయలు కట్టాలి. ఊళ్లో వాళ్లనీ వీళ్లనీ అడిగి డబ్బు పోగు చేసేసరికి గడువు దగ్గరపడింది. వివరాలు నింపుతుండగానే పోర్టల్ మూతపడి సీటు చేజారింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సెప్టెంబరు 30న కోర్టు తన ప్రత్యేకాధికారం వాడి, ఆ దళిత విద్యార్థిని చేర్చుకొమ్మని ఆదేశించింది.

అసలు ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఐఐటీల్లో ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. నాలుగేళ్లలో లక్షల రూపాయల సాయం అందాల్సిన కుర్రాడు అతను. ఆ పూటకు కావలసిన పదిహేడున్నర వేలు మాత్రం చేతిలో లేవు.

అదే ఏడాది సిరిసిల్ల జిల్లాలోని ఒక తండా అమ్మాయికి ఐఐటీ పట్నాలో సీటొస్తే, హాస్టల్ ఖర్చులు, ఇతర ఫీజులు, ల్యాప్‌టాప్ భారమయ్యాయి. ఆమె మేకలు కాస్తోందని వార్తల్లో వచ్చాక తెలంగాణ ప్రభుత్వం ముందుకొచ్చింది.

చిన్న సంపాదన ఉన్న ఇళ్లలో పిల్లల చదువు చాలాసార్లు చిక్కుకునేది ఇక్కడే. సాయం ఉంటుంది, చేతికి అందేది ఆలస్యంగా. అందుకే ఇంట్లో ఉన్న కొద్దిపాటి డబ్బునూ, చిట్టీ పాటనూ మొదటి ఏడాది ఫీజుకే ఊడ్చేయకుండా, సాయం అందేదాకా గడవడానికి అట్టేపెట్టుకోవాలి. పెద్ద ఫీజుకు దారి వేరే వెతకాలి.

మనవాళ్లందరికీ తెలిసిన దారి ఫీజు రీయింబర్స్‌మెంట్. దాని షరతులు మాత్రం చాలామందికి కౌన్సెలింగ్ గుమ్మం దగ్గరే తెలుస్తాయి. తెలంగాణలో బీసీ, ఈబీసీ కుటుంబాలకు ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. ఇంజినీరింగ్‌లో ఈ వర్గాలవారికి ఎప్‌సెట్ ర్యాంకు 10,000 లోపు ఉంటే మొత్తం ఫీజు వస్తుంది. అది దాటితే సాధారణంగా ఏడాదికి 35,000 రూపాయలే. హైదరాబాద్‌లో పేరున్న ప్రైవేటు కాలేజీల్లో కన్వీనర్ కోటా ఫీజే లక్ష దాటిపోయింది. ఆ తేడా ఇంటివాళ్లే భరించాలి, అదీ నాలుగేళ్లు. ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ పేరు పక్కన ఈ తేడాను కూడా రాసుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

ప్రభుత్వం నుంచి డబ్బు రావడం మరో బాధ. బకాయిలు వేల కోట్లకు చేరడంతో 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించాయి. బకాయి సర్కారుదే అయినా చివరికి కౌంటర్ దగ్గర నిలబడేది విద్యార్థే. కాలేజీలు ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టేపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. అయినా ఫీజు కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లమనే మాట ఇప్పటికీ వినబడుతూనే ఉంది.

అసలు ఇబ్బంది రీయింబర్స్‌మెంట్ ఆదాయ పరిమితి దాటీ దాటని కుటుంబాలది. పట్టణంలో 2 లక్షలంటే నెలకు పదహారు వేల ఆరువందల చిల్లర. బట్టల షాపులో 18,000 జీతానికి పనిచేసే తండ్రి ఈ లెక్కన ‘ఉన్నవాడు’ అయిపోతాడు! ఇలాంటివారు ఇక తమకు ఏమీ రాదని ఊరుకుంటారు. నిజానికి కేంద్ర పథకాల గీత చాలా పైన ఉంది. ఐఐటీల్లో కుటుంబాదాయం లక్షలోపు ఉంటే కులంతో పని లేకుండా ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీ, లక్ష నుంచి 5 లక్షల దాకా మూడింట రెండు వంతులు మాఫీ. ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ కింద ఇంజినీరింగ్, డిప్లొమా చదివే అమ్మాయిలకు ఏడాదికి 50,000 ఇస్తారు. దీనికి ఆదాయ పరిమితి 8 లక్షలు, ఇంట్లో ఇద్దరమ్మాయిలకు అవకాశం. ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకుని, ఆదాయం 4.5 లక్షలు దాటని ఇంటి పిల్లలకు కేంద్ర స్కాలర్‌షిప్ డిగ్రీలో ఏడాదికి 12,000. కాకపోతే రీయింబర్స్‌మెంట్ తీసుకునేవారికి ఇది రాదు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే తల్లుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్ వేరే ఉంది. వృత్తివిద్యా కోర్సులకైతే అది 25,000 దాకా ఉంటుంది.

ఇవన్నీ కాగితాల మీద నడిచే వ్యవహారాలు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది, బ్యాంకు పాస్‌బుక్‌లో అసలు ఇంటిపేరే ఉండదు. ఈ మూడూ కలవక ఆగిపోయే దరఖాస్తులు ఎన్నో. ఇంటర్ రెండో ఏడాది సంక్రాంతి సెలవుల్లో ఈ పని చూసుకుంటే జూన్‌లో మీసేవ ముందు క్యూ కట్టే అవస్థ ఉండదు.

ఇక అప్పు. బ్యాంకు రుణమంటే భయపడే తండ్రి, ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు రాసి ధైర్యంగా తెచ్చేస్తాడు. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్లు తెచ్చాడనుకుందాం. చదువు నాలుగేళ్లు, ఉద్యోగం దొరకడానికి మరో ఏడాది. ఐదేళ్లు తిరిగేసరికి చక్రవడ్డీ లేకుండానే వడ్డీ 3,36,000 అవుతుంది. బ్యాంకులో అదే రుణం 10 శాతం సాధారణ వడ్డీకి దొరికితే 1,40,000. బ్యాంకుల విద్యారుణ పథకంలో 4 లక్షల దాకా ఆస్తి తనఖా గానీ, మూడో మనిషి పూచీ గానీ, సొంత వాటా గానీ అడగరు. తల్లో తండ్రో కలిసి సంతకం చేస్తే చాలు.

కుటుంబాదాయం 4.5 లక్షల లోపైతే ఆ 1,40,000 కూడా కేంద్రమే కడుతుంది. వృత్తి, సాంకేతిక కోర్సుల్లో 10 లక్షల దాకా తీసుకున్న రుణానికి చదువు కాలం, ఆపై ఏడాది వడ్డీ మాఫీ చేసే పథకం ఉంది. అప్పుడు తిరిగి కట్టాల్సింది అసలు 4 లక్షలే. పదేళ్ల వాయిదాల్లో నెలకు దాదాపు 5,300. రాయితీ లేకపోతే అదే వాయిదా 7,100 చిల్లర. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయికి ఈ 1,800 తేడా నెలవారీ బస్సు ఖర్చంత. షరతొకటి: కాలేజీకి న్యాక్ గుర్తింపో, కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపో ఉండాలి. చాలామంది కౌన్సెలింగ్ అయ్యాక వెతికే ఈ వివరాన్ని ఆప్షన్లకు ముందే చూడాలి.

2024 నవంబరులో కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కేంద్రం ప్రకటించే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులున్న మేటి సంస్థలకే పరిమితం; మొదట ఇవి 860. వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లు అందని, 8 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు 3 శాతం వడ్డీ రాయితీ ఇస్తారు. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవారికి ఇది వర్తించదు. రీయింబర్స్‌మెంట్ కూడా ఉండదు. అంటే అరెకరం అమ్మి అంతంతమాత్రం కాలేజీలో కంప్యూటర్ సైన్స్ సీటు కొనే తండ్రి భూమితో పాటు ఈ రెండు సాయాలనూ వదులుకుంటున్నాడు. బ్రాంచి మోజులో ఈ లెక్క ఎవరూ వేయరు.

టెన్త్ దగ్గరే ఆలోచించగలిగినవారికి ఇంకా చవకైన దారులున్నాయి. పాలిసెట్ రాసి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా చేస్తే, ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు కలిపితే ఎంతో ఇదీ అంతే, ఆరేళ్లు. కార్పొరేట్ ఇంటర్ కాలేజీ ఫీజు, బీటెక్ మొదటి ఏడాది ఫీజు మిగులుతాయి. మధ్యలో చదువు ఆపాల్సి వచ్చినా డిప్లొమా చేతిలో ఉంటుంది. బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ బీటెక్‌లో చేరొచ్చు. అయితే ఈ దారులన్నిటికీ దరఖాస్తు టెన్త్ పరీక్షలూ ఫలితాలూ వచ్చే వేసవిలోనే చేయాలి.