ఫిల్టరుకి దొరికేది, దొరకనిది

భీమునిపట్నం

చిరంజీవి శ్రావణికి,

  

నువ్వు పంపిన వీడియోలు చూశాను. నీ పౌడర్ బ్లూ ట్యాంగ్ చేప రెక్కల మీదా తోక మీదా ఉన్న తెల్ల చుక్కలు నువ్వు అనుమానపడ్డవే. క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ జీవి పని అది. ఉప్పునీటి చేపలు పెంచేవాళ్ళు మెరైన్ ఇక్ అంటారు, వైట్ స్పాట్ అనీ అంటారు. మీ నాన్న చెరువులో రొయ్యల్ని ఊడ్చేసిన వైట్ స్పాట్ వైరస్ వల్ల వచ్చేది. దానికీ దీనికీ చుట్టరికం లేదు కాబట్టి ఆయన ఫోనులో చెప్పే వైద్యాలేవీ నీ తొట్టిలో చేయకు. ఈ మాట నేను రాశానని ఆయనకి చెప్పకు.

ఇక ఫిల్టరు సంగతి. ఒక మైక్రాన్ దాకా వడగట్టే ఫిల్టరు తగిలిస్తే పురుగంతా అందులో చిక్కుకుని రోగం పోతుందని షాపులో చెప్పారన్నావు. కొనొద్దని నేననను. ఈ తీరాన రొయ్యల హేచరీల్లో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. సముద్రం నీళ్ళు ఇసక ఫిల్టరు, బ్యాగులు, ఐదు మైక్రాన్ల కార్ట్రిడ్జ్, ఒక మైక్రాన్ కార్ట్రిడ్జ్, యూవీ ఇన్ని దాటితే గానీ లార్వా ట్యాంకులోకి వదిలేవాళ్ళం కాదు. వడపోత విలువ నాకొకరు చెప్పక్కర్లేదు. అయితే హేచరీలో నీళ్ళు ఒకవైపు నుంచే వస్తాయి. బయట సముద్రం, లోపల ట్యాంకు, మధ్యలో ఫిల్టరు. వచ్చే ప్రతి చుక్కా దాన్ని దాటే రావాలి. నీ తొట్టిలో పురుగు ఫిల్టరుకి అవతల లేదు, చేపలతోపాటు ఇవతలే ఉంది. అదే నీళ్ళు తిరిగి తిరిగి వడగడుతూ ఉంటావు. షాపువాళ్ళు ఈ తేడా చెప్పరు, నువ్వూ అడగలేదు.

ముందు ఆ పురుగు బతుకు ఎలా నడుస్తుందో చూడు. చేప చర్మం పైపొర కింద దూరి, అక్కడి కణాలు తింటూ మూడు నుంచి ఏడు రోజులు ఉంటుంది. మనకి కనిపించే చుక్క అదే. బాగా ఎదిగాక చేపని వదిలేసి కిందికి దిగుతుంది. కొన్ని గంటలు ఇసక మీదా రాళ్ళ మీదా పాకి, ఒకచోట అతుక్కుని చుట్టూ గట్టి తిత్తి కట్టుకుంటుంది. తిత్తి లోపల రెండుగా, నాలుగుగా విడిపోతూ పోతూ ఒక్కటి కాస్తా వంద, రెండు వందల పిల్లలవుతుంది. తిత్తి పగిలినప్పుడు ఆ పిల్లలు బయటికొచ్చి చేపని వెతుక్కుంటూ ఈదుతాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. అసలు మొదటి ఏడెనిమిది గంటలు దాటితేనే వాటికి చేపని పట్టే సత్తువ బాగా తగ్గిపోతుంది.

ఈ దశలన్నిట్లో నీళ్ళలో ఈదుతూ ఫిల్టరు దాకా రాగలిగింది ఆ పిల్ల ఒక్కటే. చర్మంలో ఉన్నదాన్ని ఏ ఫిల్టరూ బయటికి లాగలేదు, రాయికి అతుక్కున్న తిత్తినీ లాగలేదు. పిల్ల పొడుగు సుమారు 25 నుంచి 60 మైక్రాన్లు. అంటే తొట్టి కింది సంప్‌లో కట్టే 200 మైక్రాన్ల సంచిలోంచి దర్జాగా దాటిపోతుంది, ఐదు మైక్రాన్ల కార్ట్రిడ్జ్‌లో చాలావరకు ఆగిపోతుంది. దానికోసం ఒక మైక్రాన్ దాకా పోవాల్సిన పని లేదు.

తిత్తి మూడు రోజుల్లో పగలొచ్చు, నెల పట్టొచ్చు. ఇజ్రాయెల్‌లో ఐలాట్ రేవు దగ్గర ఈ జీవి మీద ఏళ్ళ తరబడి పనిచేసిన ఏంజెలో కొలోర్ని, పీటర్ బర్గెస్‌తో కలిసి 1997లో అప్పటిదాకా తెలిసిన సంగతులన్నీ ఒకచోట చేర్చి రాశారు. 72 రోజులకి పగిలిన తిత్తుల ముచ్చట కూడా అందులో ఉంది. కాబట్టి ఫిల్టరు పెట్టిన వారానికి చుక్కలు పోయాయని ఎవరైనా చెబితే నమ్మకు. ఫిల్టరు పెట్టకపోయినా వారానికి పోయేవే. పురుగు చేప మీద నుంచి దిగి ఇసకలోకి చేరిందని మాత్రమే దానర్థం. పైగా మొప్పల్లో ఉన్నవి మన కంటికి కనిపించవు. చుక్కల్లేని చేప గసపోసుకుంటూ నీళ్ళు పైకొచ్చే చోట నిలబడిందంటే రోగం మొప్పల్లో ఉందని అనుమానించు.

ఇంకో సంగతి ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. పురుగు చేపని వదిలి దిగేది చీకట్లో. తిత్తులు పగిలేదీ ఎక్కువగా తెల్లవారుజామునే. ఆ వేళకి నీ ట్యాంగ్ ఏం చేస్తూ ఉంటుంది? రోజూ పడుకునే రాతి సందులోనే పడుకుని ఉంటుంది. అంటే మొదటి రాత్రి దాని ఒంటి మీంచి రాలిన పురుగులు ఆ సందు చుట్టుపక్కలే తిత్తులు కడతాయి. కొన్నాళ్ళకి పిల్లలు బయటికొచ్చే వేళకి చేప సరిగ్గా అక్కడే కదలకుండా ఉంటుంది. పిల్ల ఈదాల్సిన దూరం జానెడు. నీ ఫిల్టరు పైపు తొట్టికి అవతలి మూలనుంది. ఈ పోటీలో ఎవరు గెలుస్తారో నువ్వే ఆలోచించు. పెద్ద సముద్రంలో ఇదే పురుగు చేపల్ని ఇంతగా పీడించదు. అక్కడ చేప పడుకునే చోటు ఎప్పుడూ ఒకటే కాకపోవచ్చు, నీళ్ళ ప్రవాహం పిల్లల్ని ఎక్కడెక్కడికో లాక్కుపోతుంది. నాలుగు గాజు పలకల మధ్య ఆ అదృష్టం లేదు.

ఇక లెక్క చెబుతాను, ఇంజనీరువి కదా. తొట్టి 300 లీటర్లు, ఫిల్టరులోంచి గంటకి 300 లీటర్లు పోతాయనుకో. గంటకి తొట్టంతా ఒకసారి వడకట్టినట్టే అని నువ్వనుకుంటావు. కాదు. బిందెడు మురికినీళ్ళలోంచి చెంబుడు తీసి, వడకట్టి, మళ్ళీ అదే బిందెలో పోస్తున్నావు. రెండో చెంబు ముంచేసరికి అందులో ఇందాక శుభ్రం చేసిన నీళ్ళు కూడా కొన్ని వచ్చేస్తాయి. అందుకని గంట తర్వాత కూడా పిల్లల్లో నూటికి 37 ఇంకా తొట్టిలోనే తిరుగుతుంటాయి. రెండో గంటకి 13, 14 మిగులుతాయి. మూడో గంటకి ఐదు. ఇది ఫిల్టరు దాటినవన్నీ చిక్కుకుపోతాయని, తొట్టిలో నీళ్ళు బాగా కలుస్తాయని అనుకున్నప్పటి మాట. అదే ఫిల్టరు మూసుకుపోయి గంటకి 100 లీటర్లే పోతుంటే మూడు గంటల తర్వాత కూడా 37 మిగిలి ఉంటాయి. పిల్లకి బాగా సత్తువ ఉండేది ఆ మొదటి కొన్ని గంటలేనని పైన రాశాను కదా, ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకో. డబ్బా మీద రాసిన మైక్రాన్ కంటే గంటకి ఎన్ని లీటర్లు నిజంగా దాటుతున్నాయన్నదే నీకు ముఖ్యం.

ఒక మైక్రాన్ మీద నాకున్న పేచీ అదే. కన్ను ఎంత సన్నమైతే అంత తొందరగా మూసుకుపోతుంది. చేపల రెట్ట, మిగిలిన మేత, ఇసక నలుసు అన్నీ దానికే తగులుకుంటాయి. మొదటి రోజు ధారగా పడ్డది రెండో రోజుకి కారడం మొదలవుతుంది. ఐదు మైక్రాన్ల మడతల కార్ట్రిడ్జ్ తీసుకుని, దానికి ముందు ఇంకో ముతక ఫిల్టరు పెట్టుకో. ఇంట్లో ఆర్వో మిషన్‌కి వేసే తెల్ల దారపు క్యాండిల్ మీద కూడా ఐదు మైక్రాన్లనే రాసి ఉంటుంది, చవక కూడా. అయితే ఆ అంకె ఉజ్జాయింపుది. ఆ సైజు నలుసుల్లో చాలావరకు ఆపుతుందని తప్ప అన్నీ ఆపుతుందని హామీ కాదు. పైగా ఈ పిల్లలు మెత్తని ఒళ్ళున్నవి, మోటారు ఒత్తిడికి సాగి దూరిపోగలవు. మడతలదే కొను. రెండు కొను. ఒకటి పనిలో ఉండగా రెండోది బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టి, కడిగి, ఎండలో ఫెళఫెళా ఎండబెట్టు. పూర్తిగా ఎండిపోతే ఈ పురుగు ఏ దశలోదైనా బతకదు.

డయాటమ్ ఫిల్టరు గురించి కూడా అడిగావు. అది మంచి యంత్రమే, దాని వెనక కథా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి అమీబిక్ విరేచనాలు పెద్ద బెడదయ్యాయి. ఆ అమీబా తిత్తులు మామూలు మోతాదు క్లోరిన్‌కి చావవు. అందుకని డయాటమ్ అనే సూక్ష్మ నాచు గాజు గుల్లల పొడిని గుడ్డ మీద పొరగా పట్టించి, నీళ్ళని ఆ పొరలోంచి పంపి తిత్తుల్ని ఆపే పద్ధతి తయారు చేశారు. ఆ తర్వాత అదే ఈతకొలనులకీ, చేపల తొట్లకీ వచ్చింది. నీళ్ళు చూస్తే తొట్టిలో నీళ్ళున్నాయా లేవా అన్నంత తేటగా అవుతాయి.

కానీ ఆ పొర గుడ్డకి అంటుకుని ఉండేది నీళ్ళ ఒత్తిడి వల్లే. మోటారు ఆగితే పొర జారి కింద పడుతుంది. మీ అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోయి జనరేటరు అందుకునేలోపు పొర ఊడిపోతుంది. కరెంటు రాగానే మోటారు తిరిగి, ఆ పొడీ, అందులో చిక్కుకున్న పురుగులూ కలిసి గుప్పున తొట్టిలోకి వస్తాయి. ఇన్వర్టరు మీద వేయకుండా దాన్ని రాత్రంతా నడపకు. పక్కన కూర్చుని నాలుగైదు గంటలు నడిపి, ఆపేముందు పైపు తొట్టిలోంచి తీసేయి. పొడి కలిపేటప్పుడు మాస్కు పెట్టుకో. ఈతకొలనులకి అమ్మే పొడి బట్టీలో కాల్చింది, స్ఫటిక సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకి హాని. పాపాయి ఇంట్లో తిరుగుతోంది, వంటింట్లో అసలు కలపకు.

ఇన్ని లోపాలు చెప్పి మరి కొనొద్దని ఎందుకు అనను? ఎందుకంటే ఈ రోగంలో చేప చచ్చేదీ బతికేదీ ఒక్కసారిగా ఎన్ని పురుగులు మీద పడ్డాయన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఒక మోస్తరుగా తగిలి తట్టుకున్న చేపకి కొన్ని నెలలపాటు కొంత నిరోధకశక్తి వస్తుందని పరిశోధనల్లో తేలింది. ఫిల్టరు వాన పూర్తిగా ఆపలేదు గానీ జడివానని జల్లు చేస్తుంది. బయటికి తీయలేని చేప ఉన్న తొట్టికి ఆ తేడా చాలు. అందుకే నడిపితే రాత్రి పదకొండు నుంచి పొద్దున తొమ్మిది దాకా నడుపు. పైపు మూతి ట్యాంగ్ పడుకునే సందు పక్కకి జరుపు. పగలు ఆపినా ఫరవాలేదు. పగడాలు కూడా ఆ నీళ్ళలో తేలే ప్లాంక్టన్ తింటాయి, ఇరవై నాలుగ్గంటలూ వడకడితే వాటి నోటి దగ్గరది లాగేసినట్టే.

అయితే ట్యాంగ్ ఒంటి మీద చుక్కలు కాకుండా సన్నటి బంగారు రంగు పొడి కనిపిస్తే, లేదా చేపలు రెండు మూడు రోజుల్లో వరసగా పోతుంటే, అది అమిలోడినియం అని అనుమానించు. వెల్వెట్ అంటారు. దాని ఈదే పిల్ల 15 మైక్రాన్లు కూడా ఉండదు, రోజుల తరబడి బతుకుతుంది. దానికి ఫిల్టరుని నమ్ముకుని కూర్చోకు, ఆ రాత్రే చేపల్ని బయటికి తీసి మందు తొట్టిలో వేయి.

అసలు వైద్యం తొట్టికి బయటే ఉంది. కొలోర్ని 1980ల్లోనే చూపించాడు. చేపల్ని మూడు రోజులకోసారి శుభ్రమైన కొత్త తొట్టిలోకి మారుస్తూ పోతే, రాలిన పురుగులు తిత్తి పగిలేలోపు పాత తొట్టిలోనే ఉండిపోతాయి. నాలుగు మార్పులు. 72 గంటలు దాటనీయకు. తొట్టి అంటే అద్దాలది అక్కర్లేదు, నలభై లీటర్ల ప్లాస్టిక్ టబ్బులు రెండు చాలు. ఒకటి వాడుతుండగా రెండోది కడిగి ఎండబెట్టాలి. ఉప్పూ వేడీ పాత తొట్టితో సమంగా ఉండాలి. ఒక్క చేపని తీసి మిగతావి వదిలితే పనికాదు, క్లౌన్ చేపలతో సహా అన్నీ రావాలి. రాళ్ళు తీస్తే గానీ దొరకవు, ఆదివారం మీ ఆయన్ని కూర్చోబెట్టుకో. ఆ తర్వాత పెద్ద తొట్టి చేప లేకుండా 76 రోజులు ఉండాలి. 72 రోజుల తిత్తి గుర్తుంది కదా.

రాగి మందు కూడా పనిచేస్తుంది. రాగి సల్ఫేటుతో అయితే లీటరుకి 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు, రోజూ టెస్టు కిట్‌తో చూస్తూ. కానీ పగడాలూ, రొయ్యలూ, నత్తలూ ఉన్న తొట్టిలో ఒక్క చుక్క పడకూడదు. రాళ్ళు రాగిని పీల్చుకుని తర్వాత మెల్లగా వదులుతాయి కూడా. నాకు రొయ్యలతో పని, రాగి పాత్రని కూడా హేచరీ దరిదాపులకి రానిచ్చేవాళ్ళం కాదు.

హేచరీలో ఫిల్టరు చేసే కాపలా పని నీ ఇంట్లో క్వారంటైన్ తొట్టి చేయాలి. ఇకముందు ఏ చేప వచ్చినా ముందు దాన్లోకే. షాపు సంచిలోని నీళ్ళు పెద్ద తొట్టిలో పోయకు. నత్త చిప్ప మీదా, పగడం మొదట్లోనూ తిత్తులు అతుక్కుని రావొచ్చు, వాటికీ చేపల్లేని చోట అదే 76 రోజులు. ఇక్కడి తీరం నుంచి పగడపు రాళ్ళు తెచ్చిపెట్టమన్నావు, అది మాత్రం అడగకు. రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి, పట్టుకుంటే నా పెన్షన్ నాకు మిగలదు.

ఇప్పుడు నడుస్తున్న ఫిల్టరు నీళ్ళు పడే చోట ఒక లీటరు సీసా పట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పడుతోందో చూసి రాయి. మోటారు డబ్బా మీదున్న అంకె నాకొద్దు. కార్ట్రిడ్జ్ కొత్తగా వేసినప్పుడు ఒకసారి, రెండు రోజులయ్యాక ఒకసారి కొలువు. అది చూశాక ఏ సైజు కార్ట్రిడ్జ్ హౌసింగ్ కొనాలో, ఎన్ని రోజులకి మార్చాలో చెబుతాను. ఈలోగా టబ్బులు కొనేయి.

పాపాయికి ముద్దులు.

మీ
మావయ్య