ఫార్మాట్ కొట్టే ముందు



నువ్వు పంపిన స్క్రీన్ ఫోటోలు రెండూ చూశాను. మొదటిదాంట్లో ఎమర్జెన్సీ మోడ్ అని ఉంది, రెండోదాంట్లో "బ్యాడ్ సూపర్‌బ్లాక్" అని. డిస్కు పోయినట్టేనని, ఫార్మాట్ కొట్టి ఉబుంటు మళ్లీ ఎక్కించేయమని హాస్టల్లో అందరూ అంటున్నారని రాశావు. అమ్మలూ, ఆ పని మాత్రం చెయ్యకు. నీ ప్రాజెక్టు డేటా మొత్తం ఆ పాత హార్డ్‌డిస్కులోనే ఉంది, ఇంకెక్కడా కాపీ లేదు. మెషీన్ మొరాయించినప్పుడు ముందుగా డిస్కు మీద ఏమీ రాయకుండా, అది తెర మీద చెబుతున్నది చదవాలి. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క మాట కోసమే రాస్తున్నాను.

పవర్ బటన్ నొక్కిన దగ్గర్నుంచి లాగిన్ తెర వచ్చేదాకా పని చేతులు మారుతూ నడుస్తుంది. మొదట మదర్‌బోర్డులోని యూఈఎఫ్ఐ ఒక చిన్న ఫ్యాట్32 పార్టిషన్‌ను వెతికి, అందులోని గ్రబ్‌ను లేపుతుంది. గ్రబ్ కెర్నల్‌ను, దానితోపాటు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అనే తాత్కాలిక ఫైల్‌సిస్టమ్‌ను మెమరీలోకి ఎక్కిస్తుంది. అది అసలు రూట్ పార్టిషన్‌ను పట్టుకుని మౌంట్ చేసి, ఆ పైన పనిని సిస్టమ్‌డీకి అప్పజెబుతుంది. మిగతా పార్టిషన్లను తగిలించేది సిస్టమ్‌డీ. ఏవి ఎక్కడ తగిలించాలో ఈటీసీ ఫోల్డర్‌లోని ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలు చూసి తెలుసుకుంటుంది.

కాబట్టి ఎక్కడ ఆగిందో తెలిస్తే సగం పని అయిపోతుంది. "నో బూటబుల్ డివైస్" అంటే గ్రబ్ దాకా కూడా రాలేదు. "గ్రబ్ రెస్క్యూ" అని వస్తే గ్రబ్‌కు తన ఫైళ్లు దొరకలేదు. బిజీబాక్స్ ప్రాంప్ట్ వస్తే రూట్ పార్టిషన్ కనబడలేదు, లేదా దెబ్బతింది. "అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్" అని కెర్నల్ పానిక్ అయితే, అప్‌డేట్ మధ్యలో ఆగిపోయి ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ తయారుకాకపోయి ఉండొచ్చు. గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్‌తో లేపితే చాలాసార్లు లేస్తుంది. నీకు వచ్చిన ఎమర్జెన్సీ మోడ్ వీటన్నిటికన్నా నయం. గ్రబ్ బాగుంది, కెర్నల్ బాగుంది, రూట్ కూడా దొరికింది. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఏదో ఒక వరుస దగ్గర చిక్కుపడింది, అంతే.

ఇక ఆ భయపెట్టిన వాక్యం సంగతి. "రాంగ్ ఎఫ్ఎస్ టైప్, బ్యాడ్ ఆప్షన్, బ్యాడ్ సూపర్‌బ్లాక్" అని పొడుగ్గా వస్తుంది చూడు, దాన్ని మొదటి నుంచి చదువు. మౌంట్ కమాండ్ కుదరనప్పుడు తనకు తోచిన కారణాలన్నీ ఒకే వరుసలో ఏకరువు పెడుతుంది. సూపర్‌బ్లాక్ పాడైందని తేల్చి చెప్పడం లేదు. ఎక్స్‌టీ4 అని నువ్వు రాసిన చోట వేరే రకం ఫైల్‌సిస్టమ్ ఎదురైనా అదే వాక్యం వస్తుంది. నీ ఫోటోలో ల్యాప్‌టాప్ పక్కన ఒక పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంది. నా అనుమానమంతా దాని మీదే.

నీ ల్యాప్‌టాప్ అసలు డిస్కు ఎన్‌వీఎంఈ రకం. యూఎస్‌బీ కేసులో పెట్టిన పాత హార్డ్‌డిస్కు ఒక్కటే ఉన్నప్పుడు దానికి ఎస్‌డీఏ అనే పేరు వచ్చింది. నువ్వు ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఎస్‌డీఏ1 అని రాసేశావు. ఈ పేర్లు రేషన్ షాపు క్యూలో నిలబడ్డ వరుస లాంటివి. ముందు ఎవరొస్తే వాళ్లది మొదటి స్థానం. పెన్‌డ్రైవ్‌ను కెర్నల్ ముందుగా గుర్తిస్తే ఎస్‌డీఏ అదే అవుతుంది, హార్డ్‌డిస్కు ఎస్‌డీబీ అవుతుంది. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌టీ4 అనుకుని తగిలించబోతే మౌంట్ ఎలా ఒప్పుకుంటుంది? ప్రతి ఫైల్‌సిస్టమ్‌కూ యూయూఐడీ అని ఒక పొడవాటి సంఖ్య ఉంటుంది. మళ్లీ ఫార్మాట్ చేస్తే తప్ప మామూలుగా అది మారదు. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో రాయాల్సింది దాన్నే.

ఎమర్జెన్సీ మోడ్ తెర మీద ఎంటర్ నొక్కు, రూట్ షెల్ వస్తుంది. ఎల్ఎస్‌బీఎల్‌కే హైఫన్ ఎఫ్ కొట్టు. ఏ పార్టిషన్‌లో ఏ ఫైల్‌సిస్టమ్ ఉందో, దాని యూయూఐడీ ఏమిటో అన్నీ చూపిస్తుంది. డిస్కులో ఏమీ మార్చదు, ఎన్నిసార్లయినా కొట్టుకో. హార్డ్‌డిస్కు ఎస్‌డీబీ1గా, ఎక్స్‌టీ4గా కనబడితే నా అనుమానం నిజమే, నీ డేటా క్షేమం. తర్వాత ఎఫ్ఎస్‌ట్యాబ్‌కు ఒక కాపీ తీసి పెట్టుకుని, నానోతో తెరువు. సేవ్ కానని మొండికేస్తే రూట్ రీడ్-ఓన్లీగా ఉన్నట్టు. రీమౌంట్, ఆర్‌డబ్ల్యూ ఆప్షన్లతో రూట్‌ను మళ్లీ మౌంట్ చెయ్యి. ఎస్‌డీఏ1 తీసేసి యూయూఐడీ పెట్టు. ఆప్షన్ల గడిలో నోఫెయిల్ అని చేర్చడం మర్చిపోకు. అది ఉంటే డిస్కు తగిలించని రోజు కూడా మెషీన్ ఆగకుండా లేస్తుంది. అది లేకపోతే డిస్కు కనబడనప్పుడు సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు ఎదురుచూసి, మళ్లీ నిన్ను ఇదే నల్ల తెర ముందు కూర్చోబెడుతుంది.

రీబూట్‌కు తొందరపడకు. ఫైండ్‌ఎంఎన్‌టీ కమాండ్‌కు వెరిఫై ఆప్షన్ ఇస్తే ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో తప్పులుంటే చెప్పేస్తుంది. ఆ తర్వాత మౌంట్ హైఫన్ ఏ కొట్టి, తప్పు ఏదీ చూపకపోతే అప్పుడు రీబూట్ చెయ్యి. ఎఫ్ఎస్‌ట్యాబ్ ముట్టుకున్న ప్రతిసారీ ఈ రెండూ చెయ్యడం అలవాటు చేసుకో.

ఎల్ఎస్‌బీఎల్‌కేలో హార్డ్‌డిస్కు కనబడి కూడా మౌంట్ కాకపోతే దారి వేరు. మౌంట్ అయి ఉన్న పార్టిషన్ మీద ఎఫ్ఎస్‌సీకే ఎప్పుడూ నడపకు, ఉన్న ఫైళ్లు కూడా పాడవుతాయి. మౌంట్ కాని దాని మీదయినా ముందు ఈ2ఎఫ్ఎస్‌సీకే హైఫన్ ఎన్ అని నడుపు. ఎన్ అంటే ఏమీ మార్చకుండా చూసి చెప్పడం. అన్నిటికీ ఎస్ అనే హైఫన్ వై ఆప్షన్‌ను నేను డేటాకు కాపీ తీశాకే వాడతాను, నువ్వూ అలాగే చెయ్యి. ఎందుకంటే చెడింది ఫైల్‌సిస్టమ్ కాక డిస్కే అయితే, మరమ్మతు కోసం రాసే ప్రతి రాతా దాన్ని ఇంకాస్త చావుకు దగ్గర చేస్తుంది. అలాంటి డిస్కు నుంచి జీఎన్‌యూ డీడీరెస్క్యూతో వేరే డిస్కులోకి పూర్తి నకలు తీసి, మరమ్మతు ఆ నకలు మీద చెయ్యాలి. మంచిగా చదవగలిగిన భాగాలన్నీ అది ముందు లాగేస్తుంది, మొరాయించే చోట్లను చివరికి ఉంచుతుంది.

నీ రూమ్మేట్ విండోస్ డ్రైవ్ ఉబుంటులో రీడ్-ఓన్లీగా వస్తోందని కూడా అడిగావు. అక్కడ డిస్కు తప్పేమీ లేదు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది. షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా నిద్రపోకుండా తన స్థితిని డిస్కులో దాచుకుంటుంది. అందుకే ఆ పార్టిషన్‌లో లినక్స్ రాయనివ్వదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేసి షట్‌డౌన్ చెయ్యమను. ఎన్‌టీఎఫ్ఎస్‌ఫిక్స్ జోలికి పోవద్దని చెప్పు. విండోస్ చెక్‌డిస్క్ చేసే పని అది చెయ్యలేదు.

మెషీన్ లేచాక, మిగతా పనులు పక్కన పెట్టి ప్రాజెక్టు ఫోల్డర్‌ను ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకో. ఆ తర్వాత స్మార్ట్‌మోన్‌టూల్స్ ఇన్‌స్టాల్ చేసి, హార్డ్‌డిస్కు మీద స్మార్ట్‌సీటీఎల్ హైఫన్ ఏ నడుపు. యూఎస్‌బీ కేసు వల్ల వివరాలు రాకపోతే హైఫన్ డీ శాట్ అని చేర్చు. రియలొకేటెడ్ సెక్టార్, కరెంట్ పెండింగ్ సెక్టార్ అనే రెండు వరుసల చివరి అంకెలు చూసి నాకు పంపు. రెండూ సున్నాలైతే ఆ డిస్కును వాడుకో, కానీ కాపీ మాత్రం ల్యాప్‌టాప్‌లోనే ఉంచు. పెండింగ్ దగ్గర సున్నా కాకుండా ఏమున్నా దాన్ని విప్పి పక్కన పెట్టెయ్. కొత్త డిస్కు నేను కొని పంపిస్తాను, డబ్బుల గురించి ఆలోచించకు.

ఇట్లు,
మీ మామయ్య