సీసపు నాణెముల పుట్టినిల్లు

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున హైటెక్ సిటీ కలదు. 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన పిదప ఆ ప్రాంతమంతయు ఎత్తైన మేడలతో నిండిపోయినది. దాని ప్రక్కనే కొండాపూర్ అను పేట యున్నది. కాని చరిత్రకారులు తరచుగా పేర్కొను కొండాపూర్ ఇది కాదు. అదే పేరు గల గ్రామమొకటి సంగారెడ్డి జిల్లాలో కలదు.

1940 తరువాత నిజాం ప్రభుత్వపు పురావస్తు శాఖవారు ఆ గ్రామము చెంతనున్న మట్టిదిబ్బలను త్రవ్వించిరి. శాతవాహనుల కాలపు పట్టణమొకటి బయల్పడెను. ఇటుక గోడలు, పూసలు, మట్టిబొమ్మలు, నాణెములు పోతపోయు అచ్చులు లభించెను. రోము చక్రవర్తి అగస్టసు బంగారు నాణెము కూడ అచ్చట దొరకినది. దొరకిన నాణెములలో సీసముతో చేసినవి పెక్కు గలవు.

రాజులు సీసముతో నాణెములు చేయించుట మనకు వింతగా తోచును. సీసము మెత్తని లోహము. రాగి కరగుటకు 1,085 డిగ్రీల వేడి కావలయును. సీసమునకు 327 డిగ్రీలు చాలును. కావున దానిని సులభముగ పోతపోసి, ముద్ర వేయవచ్చును.

మరి ఇంత సీసము ఎచ్చటినుండి వచ్చెను? క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమునందుండిన ప్లినీ అను పండితుడు, భారతదేశమున రాగియు సీసమును లేవనియు, ముత్యములను రత్నములను ఇచ్చి వాటిని కొనుచున్నారనియు వ్రాసెను. ఆ కాలపు గ్రీకు వర్తకుని గ్రంథమొకటి, భరుకచ్ఛమను రేవున దిగు సరకులలో సీసమును పేర్కొన్నది.

ఈ మాటలను బట్టి మన సీసమంతయు ఓడలమీదనే వచ్చినదని తలపవచ్చునా? భూమి మరియొక సాక్ష్యము చెప్పుచున్నది. పల్నాడు జిల్లాలోని అగ్నిగుండాల ప్రాంతమున సీసపు ఖనిజము కలదు. పూర్వులు దానికై త్రవ్విన గోతులు అచ్చట కనిపించినవి. 20వ శతాబ్దమున హిందుస్థాన్ జింక్ సంస్థవారు అక్కడి బండలమొట్టులో గని నడపిరి. రాజస్థానములోని జావర్ గనులలో దొరకిన పురాతనపు కలపను పరీక్షింపగా అది రెండువేల యేండ్లకు పైబడినదని తేలినది. సీసము దిగుమతి యగుట నిజమే కావచ్చును. ఈ దేశమున సీసమే లేదనుట మాత్రము నిజము కాదు.

పూర్వపు గనివారు రాతి చెంత మంటలు వేసి, వేడికి బండ పగిలిన పిదప సుత్తులతో, ఉలులతో ఖనిజమును తీసెడివారు. దానిని కాల్చి గంధకమును పోగొట్టి, బొగ్గుతో కరగించి సీసము రాబట్టెడివారు.

ఒక నాణెములోని సీసము ఏ గనిదో తెలిసికొనుటకు నేడు శాస్త్రజ్ఞులకు ఒక మార్గము కలదు. సీసపు పరమాణువులన్నియు ఒకే బరువు గలవి కావు. 204, 206, 207, 208 అను నాలుగు తెగలున్నవి. వాని పాళ్లు గనికి గనికి భేదించును; కరగించినను మారవు. నాణెమునందలి పాళ్లను ఖనిజపు పాళ్లతో పోల్చినచో దాని పుట్టినిల్లు తెలియును. అయితే పలు గనుల సీసమును కలిపి కరగించినచో పాళ్లు కలగాపులగమగును.

పోల్చుటకు నాణెముండవలె, గోతులుండవలె, నాణెము దొరకిన చోటు తెలియవలె. పురాతన చిహ్నములు మారుమూలలనే యుండునని తలపరాదు. హైటెక్ సిటీ సమీపమున గచ్చిబౌలిలో, హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణలోనే ఇనుపయుగపు సమాధులు, నిలువురాయి కలవు. పునాదులకై యంత్రములు ఒక్కపూటలో తిరుగవేసిన నేల మరల పూర్వపు స్థితికి రాదు.

బాలలారా! మీకెచ్చటనైనను పాతనాణెము కనబడినచో దానిని తోమి మెరుగుపెట్టకుడు; అమ్ముకొనకుడు. 1878 నాటి నిధుల చట్టము ప్రకారము విలువగల పూర్వపు నిక్షేపములను గూర్చి జిల్లా అధికారికి తెలుపవలయును. దొరకిన చోటును గుర్తుంచుకొని పెద్దలతో చెప్పుడు. ప్లినీ మాటను సరిదిద్దినవి ఇట్టి గోతులు, కట్టెముక్కలే గదా!